పగడపు శిలాజం: కోసి చూస్తేనే జాతి తెలిసేది

శిలాజ పగడాలను గుర్తించడం, వర్ణించడం, పేరు పెట్టడం గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి ఈ నెల కొన్నిటికి జవాబులు ఇస్తున్నాం. మాటలు ముందే చెప్పుకుంటే మేలు. ఒక్కో పాలిప్, అంటే ఒక్కో పగడపు జీవి, కట్టుకున్న గొట్టం కోరలైట్. గొట్టం గోడ నుంచి మధ్యకు, బండిచక్రం ఆకుల్లా వచ్చే నిలువు పలకలు సెప్టాలు. గొట్టాన్ని అంతస్తులుగా విడదీసే అడ్డు పలకలు టాబ్యులాలు. గోడ పక్కన సెప్టాల మధ్య బుడగల్లా పేరుకున్నవి డిసెపిమెంట్లు.

ప్రశ్న: గుప్పెడంత పగడపు సమూహం సున్నపురాయిలో దొరికింది. పైన గూళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఫొటోలతో పోల్చి జాతి చెప్పవచ్చా, కోయాల్సిందేనా?

కోయాల్సిందే. పై రూపం చూసి కొన్నిసార్లు ప్రజాతి దాకా వెళ్లవచ్చు, జాతి మాత్రం లోపలే ఉంటుంది. సెప్టాలెన్ని, పొడవువి ఎక్కడిదాకా వచ్చి ఆగాయి, వాటి మధ్య పొట్టివి ఉన్నాయా, గోడ మందమెంత, నడుమ కడ్డీ ఉందా అన్నవి అడ్డుకోత చెబుతుంది. టాబ్యులాలు చదునా, గుమ్మటంలా లేచాయా, 5 మి.మీ. ఎత్తులో ఎన్ని ఉన్నాయి, డిసెపిమెంట్లు ఎన్ని వరుసలు, ఎటు వాలాయి అన్నవి నిలువుకోత చెబుతుంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ గుర్తింపును మేం ఒప్పుకోం.

రంపం దగ్గరికి వెళ్లే ముందు స్కేలు పెట్టి ఆరు వైపులా ఫొటోలు తీయండి. నమూనా ఒక్కటే ఉంటే సిలికాన్ అచ్చు తీసి పోత పోసుకోండి. బ్లేడు మందమంత రాయి పిండైపోతుంది, అది తిరిగి రాదు. పైభాగం ఎటో బాణం గుర్తు వేసి, కోత గీతలు ఇంకుతో ముందే గీయండి. కోసిన ప్రతి ముక్క మీదా అదే నమూనా సంఖ్యకు ఏ, బీ, సీ చేర్చి వెంటనే రాయండి. రేపు రాద్దామనుకుంటే ఏ ముక్క ఏ సమూహానిదో తెలియని పరిస్థితి వస్తుంది.

ఎక్కువ తప్పులు కోత కోణంలోనే జరుగుతాయి. అడ్డుకోత గొట్టానికి సరిగ్గా లంబంగా పడాలి. 30 డిగ్రీలు వాలితే 8 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి కోరలైట్ 9.2 మి.మీ. పొడవున్న దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. పొట్టి వ్యాసం మాత్రం 8 దగ్గరే ఉంటుంది. అంటే పెద్ద వ్యాసం ఒక్కటే కొలిచినవారు 15 శాతం పెద్ద పగడాన్ని సృష్టించినట్టే. కోత వాలిందని పట్టుకునే గుర్తు ఒకటుంది: సెప్టాల మధ్య టాబ్యులాల అంచులు వంపు గీతల్లా ఒకే పక్కన గుమికూడి కనిపిస్తాయి. రాయే నలిగి గుండ్రనివి సాగిపోయిన సందర్భాలూ ఉంటాయి. అదే రాతిలో ఉన్న ఇతర శిలాజాలు కూడా అదే దిశలో సాగాయేమో చూడండి.

నిలువుకోత సరిగ్గా అక్షం గుండా పోవాలి. పక్కకు జరిగి గోడ దగ్గర కోస్తే అంతా బుడగలే కనిపిస్తాయి. 'టాబ్యులాలు లేవు' అని రాసిన పాత వర్ణనల్లో ఇలాంటి కోతల మీద ఆధారపడినవి ఉంటాయి. పోల్చేటప్పుడు వాటి బొమ్మలను జాగ్రత్తగా చూడండి. సమూహంలో గొట్టాలు వంకరగా పెరుగుతాయి కాబట్టి ఒకే నిలువుకోతలో రెండు మూడు కోరలైట్లు మాత్రమే అక్షం మీద తెగుతాయి. కొలతలు వాటిలోనే తీసుకోండి.

ప్రశ్న: థిన్ సెక్షన్ చేసే యంత్రం లేదు. ఎసిటేట్ పీల్‌తో సరిపెట్టుకోవచ్చా? నేను తీసినవి పాలలా తెల్లబడుతున్నాయి.

పీల్ అంటే యాసిడ్ తిన్న రాతి ముఖం అచ్చు పట్టిన పలచటి ఎసిటేట్ షీటు. థిన్ సెక్షన్ అంటే కాంతి దాటేంత పలచగా అరగదీసిన రాతి పొర. లెక్కలకు, కొలతలకు పీల్ చాలు. సెప్టం లోపలి పోగుల అల్లిక చూడాలంటే మాత్రం కాంతి లోపలి నుంచి రావాలి, దానికి థిన్ సెక్షన్ తప్పదు.

పీల్ కోసం కోసిన ముఖాన్ని గాజు పలక మీద సిలికాన్ కార్బైడ్ పొడితో 220, 400, 600, వీలైతే 1000 వరకు వరసగా అరగదీయండి. ఒక పొడి నుంచి మరోదానికి మారే ముందు రాయినీ చేతులనూ బాగా కడగాలి. ముందు దశ గింజ ఒక్కటి మిగిలినా గీత పడుతుంది, ఆ గీత పీల్‌లో సెప్టంలా కనిపించి మోసం చేస్తుంది. తరవాత సుమారు 5 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 10 నుంచి 20 సెకన్లు ముంచి, నీటిలో కడిగి, వేలు తగలకుండా ఆరనివ్వండి. యాసిడ్‌ను నీటిలో పోయాలి, నీటిని యాసిడ్‌లో కాదు. ముఖం సమతలంగా ఉండేలా ఇసుకలో నిలబెట్టి, ఎసిటోన్ పోసి, షీటును ఒక అంచు నుంచి విల్లులా వంచి ఆనిస్తూ పోతే బుడగలు బయటికి జారిపోతాయి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు, గాలి ఆడాలి.

మీ పీల్ తెల్లబడటానికి కారణం ఎక్కువగా తొందరే. కనీసం అరగంట ఆరనివ్వకుండా లాగితే షీటు మడత పడి పాలరంగు తిరుగుతుంది. రాతిలో తేమ మిగిలినా అంతే. యాసిడ్ మరీ ఎక్కువసేపు తిన్నా షీటు లోతుల్లోకి దిగి చిరుగుతుంది. అసలు అంటుకోకపోతే షీటునే అనుమానించండి: ప్రొజెక్టర్ పారదర్శక షీట్లు చాలావరకు పాలియెస్టర్‌వి, అవి ఎసిటోన్‌కు మెత్తబడవు. చిన్న ముక్క మీద ఒక చుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది. రాయి డోలమైట్‌గా (మెగ్నీషియం కలిసిన కార్బొనేట్‌గా) మారి ఉంటే పలచటి యాసిడ్ సరిగా తినదు, పీల్ వెలవెలబోతుంది.

థిన్ సెక్షన్ చేయించుకుంటే ఒక్క మాట చెప్పండి: మామూలు రాళ్లకు ప్రమాణం 30 మైక్రాన్లు, పగడానికి కాస్త మందంగానే ఆపితే మేలు. మరీ పలచనైతే సెప్టానికీ చుట్టూ నిండిన కాల్సైట్‌కూ తేడా మాసిపోతుంది.

ప్రశ్న: రుగోజా, టాబ్యులేటా, స్క్లెరాక్టినియా. ఈ మూడిట్లో నా శిలాజం దేనికి చెందుతుందో మొదట ఎలా తేల్చుకోవాలి?

ఇవి పగడాల్లోని మూడు పెద్ద వర్గాలు. రాతి వయసు తెలిస్తే సగం పని అయినట్టే. మొదటి రెండూ పర్మియన్ యుగం చివర, సుమారు 25.2 కోట్ల ఏళ్ల క్రితం, అంతరించాయి. స్క్లెరాక్టినియా ఆ తరవాత మధ్య ట్రయాసిక్‌లో, సుమారు 24 కోట్ల ఏళ్ల క్రితం, కనిపించడం మొదలై నేటికీ ఉన్నాయి. వయసు తెలియకపోతే నిర్మాణాన్నే నమ్మాలి.

టాబ్యులేటాలో టాబ్యులాలదే రాజ్యం. సెప్టాలు ఉంటే ముళ్లలా చిన్నగా ఉంటాయి, లేకపోనూ వచ్చు. ఎప్పుడూ సమూహాలే, ఒంటి పగడం ఉండదు. రుగోజాలో సెప్టాలు బలంగా ఉంటాయి, పొడవువి పొట్టివి ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. మొదటి ఆరు సెప్టాలు ఏర్పడ్డాక కొత్తవి నాలుగు చోట్లే పుడతాయి. ఈ క్రమాన్ని కున్ట్ అనే శాస్త్రవేత్త 1869లో వివరించాడు. స్క్లెరాక్టినియాలో ఆరు భాగాల్లోనూ చక్రాలుగా పుడతాయి: 6, 6, 12, 24 ఇలా.

అందుకే పెద్ద పగడంలో సెప్టాలు లెక్కపెట్టి 'ఆరుతో భాగించబడలేదు కాబట్టి రుగోజా' అనడం తప్పు. స్క్లెరాక్టినియాలోనూ ఎనిమిది, పది లెక్కన పెరిగేవి ఉన్నాయి. పుట్టే క్రమం చూడాలంటే కొమ్ము ఆకారపు ఒంటి పగడాన్ని కొన దగ్గర నుంచి అర మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ, ప్రతి మెట్టుకూ ఒక పీల్ తీయాలి. 20, 25 పీల్స్ పడతాయి. కొన విరిగిన నమూనాలో ఈ సమాచారం పోయినట్టే. తవ్వేటప్పుడు అందరూ వెడల్పాటి గిన్నె వైపే చూస్తారు, కొన రాతిలోనే ఉండిపోతుంది. కొననూ తెచ్చుకోండి.

ప్రశ్న: నా జురాసిక్ పగడం స్లైడ్‌లో సెప్టాల బయటి గీత ఉంది, లోపల మాత్రం గాజులాంటి పెద్ద స్ఫటికాలే కనిపిస్తున్నాయి. స్లైడ్ పాడైందా?

స్లైడ్‌ది తప్పు కాదు. స్క్లెరాక్టినియా తన అస్థిపంజరాన్ని అరగొనైట్‌తో కడుతుంది. అరగొనైట్, కాల్సైట్ రెండూ కాల్షియం కార్బొనేటే, స్ఫటిక నిర్మాణమే వేరు. కాలక్రమంలో అది కాల్సైట్‌గా మారుతుంది, లేదా కరిగిపోయి ఆ ఖాళీలో కాల్సైట్ నిండుతుంది. రుగోజా, టాబ్యులేటా మొదటి నుంచీ కాల్సైట్‌వి కాబట్టి ఇంకా పాతవైనా లోపలి అల్లిక తరచూ మెరుగ్గా మిగులుతుంది.

మీ నమూనాలో సెప్టాల సంఖ్య, దూరాలు, వ్యాసాలు నమ్మవచ్చు. సూక్ష్మ నిర్మాణం గురించి ఒక్క మాట కూడా రాయకండి. కొత్త స్ఫటికాల అంచులను పాత పోగులుగా పొరబడటం చాలా తేలిక. ఎక్కడైనా అసలు అరగొనైట్ మిగిలిందేమో చూడాలంటే ఫైగల్ ద్రావణం వేయండి: అరగొనైట్ నల్లబడుతుంది, కాల్సైట్ అంత త్వరగా మారదు. ఎక్కువసేపు ఉంచితే కాల్సైట్‌కూ రంగు పడుతుంది కాబట్టి పక్కనే తెలిసిన కాల్సైట్ ముక్క పెట్టి పోల్చుకోండి. ఖాయం చేసుకోవడానికి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఉంది. బంకమట్టి పొరల్లో చిక్కిన పగడాల్లో అరగొనైట్ మిగిలే అవకాశం ఎక్కువ, నీరు ఆడని చోటు కాబట్టి.

ప్రశ్న: తేనెపట్టులా సన్నని గొట్టాలు, ఒక్కోటి 0.3 మి.మీ. ఇది ఫేవొసైటిస్ అవుతుందా?

అనుమానమే. టాబ్యులేటా ప్రజాతి అయిన ఫేవొసైటిస్ గొట్టాలు మామూలుగా మిల్లీమీటరు, ఆ పైన ఉంటాయి. నిలువుకోతలో గోడలకు రంధ్రాలున్నాయేమో వెతకండి. పక్క గొట్టాలను కలిపే ఆ రంధ్రాలే ఫేవొసైటిస్ ముద్ర. అవి లేకపోతే రెండు సంగతులు చూడాలి. పెద్ద గొట్టాల మధ్య ఇరుక్కున్న మరీ చిన్న గొట్టాలు, లోపల పలచగా మొదలై ఉపరితలం దగ్గర ఒక్కసారిగా మందమయ్యే గోడలు ఉంటే అది బ్రయోజోవా, పగడం కాని వేరే సమూహ జీవి. రంధ్రాలు లేకుండా, గొట్టం మధ్యలోకి సగం దాకా పొడుచుకొచ్చిన ఒంటి అడ్డుగోడలు ఉంటే కీటిటిడ్ (కీటిటిస్, దాని చుట్టాలు) కావచ్చు. కీటిటిస్‌ను చాలాకాలం టాబ్యులేట్ పగడంగానే లెక్కించారు. స్పంజికల అస్థిలో ఉండే కంటకాల (సన్నని ముళ్ల) ఆనవాళ్లు దొరికాక ఇప్పుడు స్పంజికల్లో ఉంచుతున్నారు.

ప్రశ్న: ఒకే పొరలో కొమ్మలుగా పెరిగినవి, ముద్దగా పెరిగినవి దొరికాయి. రెండు జాతులా? ఎన్ని కోరలైట్లు కొలవాలి?

సమూహం ఆకారం వెలుతురుకూ, అలలకూ, పైన పడే మట్టికీ మారుతుంది. అందుకని ఆకారం దేనికీ పనికిరాదనుకోవడమూ తప్పే. కరీబియన్‌లో ఇప్పుడు ఆర్బిసెల్లాగా పిలిచే పగడాల్లో స్తంభాల్లా, గుట్టలా, బొడిపెలతో పెరిగే రూపాలను ఒకే జాతి అనుకునేవారు. వైల్, నోల్టన్ అనే శాస్త్రవేత్తలు 1994లో వాటిని మూడు జాతులుగా విడదీశారు. కాబట్టి ఆకారం ఒక ప్రశ్న లేవదీస్తుంది, దానికి జవాబు కోరలైట్ల కొలతల్లో దొరకాలి.

ఒక్కో సమూహంలో 25, 30 పెద్ద కోరలైట్లు కొలవండి. కొత్తగా పక్కన మొలిచినవాటిని విడిగా రాయండి. పలుభుజి గూళ్ళయితే అతి పొడవు, అతి పొట్టి వ్యాసాల సగటు తీసుకోండి. అడ్డం మీద వ్యాసం, నిలువు మీద పొడవు సెప్టాల సంఖ్య పెట్టి చుక్కలు వేయండి. పగడం పెరిగేకొద్దీ సెప్టాలు పెరిగి, ఒక దశలో ఆ వక్రం చదునవుతుంది. ఆ చదును ఎక్కడ వచ్చిందన్నదే జాతి లక్షణం. ఒక కోరలైట్‌లో చూసిన '18 సెప్టాలు' అన్నది కాదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, పది సమూహాల నుంచి 300 కొలతలు తీసి 300 నమూనాలున్నట్టు లెక్కకట్టడం. ఒకే సమూహంలోని కోరలైట్లు ఒకే పిండం నుంచి మొగ్గ తొడిగిన తోబుట్టువులు. మీ దగ్గరున్నవి పది నమూనాలే. ముందు ప్రతి సమూహానికి సగటు, వ్యాప్తి వేసి, తరవాత సమూహాలను ఒకదానితో ఒకటి పోల్చండి. కొమ్మల సమూహాల చుక్కలు, ముద్దల చుక్కలు ఒకదానిమీద ఒకటి పడితే ఒకే జాతి అనుకోవడం న్యాయం. రెండు గుంపులుగా విడిపోయి, నిలువుకోతలోనూ మరో తేడా కనిపిస్తే రెండు జాతులు. ఒక్క వ్యాసం తేడాతో కొత్త జాతి పెట్టవద్దని గట్టిగా చెబుతాం. అలా పుట్టిన పేర్లను తరవాతివాళ్లు పర్యాయాలుగా (పాత జాతికే పెట్టిన రెండో పేర్లుగా) తొలగించుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

ప్రశ్న: లక్షణ నిర్దేశం, వర్ణన వేరువేరా? గైడ్ రెండూ రాయమంటున్నారు.

వేరు. వర్ణనలో మీ నమూనాల్లో కనిపించినదంతా వస్తుంది. లక్షణ నిర్దేశంలో ఈ జాతిని దాని దగ్గరి చుట్టాల నుంచి వేరుచేసేవి మాత్రమే. 1930 తరవాతి పేర్లకు తేడాలను మాటల్లో చెప్పడం జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళిలో కూడా ఉంది, బొమ్మ ఒక్కటీ చాలదు.

'మధ్యస్థ పరిమాణపు గూళ్ళు, అనేక సెప్టాలు, పలచని గోడలు' అన్న వాక్యం వందల జాతులకు సరిపోతుంది. దాన్నే ఇలా రాస్తే పనికొస్తుంది: 'గోడలు ఆనుకున్న పలుభుజి కోరలైట్ల సమూహం, పెద్దవాటి వ్యాసం 7–9 మి.మీ.; పొడవు సెప్టాలు 16–18, వ్యాసార్ధంలో ముప్పావు వంతు దగ్గర ఆగుతాయి; పొట్టివి వాటిలో సగం; డిసెపిమెంట్లు 4–6 వరుసలు; టాబ్యులాలు మధ్యలో చదును, 5 మి.మీ.లో 8–10.' ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసినవే. మీ పట్టికలోంచి మీ అంకెలు రావాలి.

కొన్నిసార్లు పేరే లక్షణాన్ని చెబుతుంది. స్లాస్ 1939లో పేరు పెట్టిన డెవోనియన్ పగడం హెక్సగొనేరియా పెర్కారినాటా ఉంది. అమెరికాలోని మిషిగన్ 1965లో రాష్ట్ర శిలగా ప్రకటించిన పెటోస్కీ రాయి అదే. మొదటి మాట షడ్భుజాన్ని, రెండోది సెప్టాల పక్కలకు పొడుచుకొచ్చిన దట్టమైన గట్లను గుర్తు చేస్తాయి. అడ్డుకోతలో ఆ గట్లు సెప్టం మీద అడ్డగీతల్లా కనిపిస్తాయి. పోల్చే భాగంలో ఇలాంటి దగ్గరి జాతులను మూడు నాలుగు తీసుకుని, ఒక్కోదానితో ఏది కలుస్తుంది, ఏది కలవదు అన్నది అంకెలతో రాయండి. పోలికే లేని కొత్త జాతి పరిశోధన వ్యాసం అసంపూర్ణం.

ప్రశ్న: కొత్త జాతి అని నిర్ధారణకు వచ్చాం. సమూహాన్ని ఇప్పటికే ఆరు ముక్కలు చేసి, నాలుగు స్లైడ్లు తీశాం. హోలోటైప్‌గా ఏది చూపాలి?

హోలోటైప్ అంటే కొత్త జాతి పేరుకు ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనా. ఒకే సమూహానివైతే ముక్కలు, స్లైడ్లు అన్నీ కలిపి ఒక హోలోటైప్. ఒక్కో స్లైడ్‌ను విడి టైప్‌గా చూపకండి. మూల సంఖ్య ఒకటే ఉంచి, ముక్కలకు అక్షరాలు చేర్చి, ఏ స్లైడ్ ఏ ముక్కదో వ్యాసంలోనే రాయండి. వేరే సమూహాలు పారాటైప్‌లు, అంటే తోడు నమూనాలు. పొరలో అన్నింటికన్నా అందమైనదాన్ని కాక, రెండు కోతలూ సరిగ్గా పడినదాన్ని హోలోటైప్‌గా ఎంచుకోండి. మిగిలిన రాయి కొంతైనా కోయకుండా వదలండి, ఇప్పుడు మనకు తెలియని పద్ధతితో రేపు ఎవరో చూడాలనుకుంటారు.

1999 తరవాతి పేర్లకు కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి, టైప్‌ను నిర్ణయించాలి, అది ఏ సంస్థ సేకరణలో, ఎక్కడ ఉంటుందో చెప్పాలి. సొంత అలమరాలో పెడితే వచ్చే పరిశోధకుడికి చూసే దారి ఉండదు. 2012 నుంచి ఎలక్ట్రానిక్‌గా మాత్రమే వెలువడే పత్రికలకూ ఒప్పుదల ఉంది, అయితే ప్రచురణను ముందుగా జంతువుల పేర్ల నమోదు పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ ఆధారాన్ని వ్యాసంలోనే చూపాలి. సదస్సు సారాంశంలో, పోస్టర్‌లో కొత్త పేరు వాడకండి. అక్కడ అది చెల్లదు, కానీ ఎవరో ఉటంకిస్తారు, చెల్లని పేరు తిరుగుతూ ఉంటుంది.

పేరు విశేషణమైతే ప్రజాతి లింగంతో కలవాలి. ఫిల్లం అని ముగిసే ప్రజాతులు నపుంసకం. ఐటిస్ అని ముగిసేవి పుంలింగం, అందుకే పాత పుస్తకాల్లోని ఫేవొసైటిస్ గోత్‌లాండికా ఇప్పుడు గోత్‌లాండికస్.

ప్రశ్న: కర్త పేరు కొన్నిచోట్ల బ్రాకెట్లో, కొన్నిచోట్ల విడిగా ఎందుకుంటుంది? సీఎఫ్, ఏఎఫ్ఎఫ్ ఎప్పుడు వాడాలి?

జాతిని మొదట పెట్టిన ప్రజాతి నుంచి మరోదానికి మార్చితే మూలకర్త బ్రాకెట్లోకి వెళతాడు. చెప్పు ఆకారంలో, మూతతో ఉండే డెవోనియన్ పగడాన్ని లిన్నేయస్ 1771లో చిప్పజీవి అనుకుని అనోమియా ప్రజాతిలో పెట్టాడు. తరవాత అది రుగోజా అని తేలి కాల్సియోలా శాండలైనా అయింది. ఆయన పేరు, ఏడాది బ్రాకెట్లో మిగిలాయి.

నమూనా సరిగా మిగలక, ఆ జాతే అనిపిస్తున్నా ఖాయంగా చెప్పలేనప్పుడు సీఎఫ్ (cf.). నమూనా బాగానే ఉండి, దగ్గరిదే కానీ అది కాదని తెలిసినప్పుడు ఏఎఫ్ఎఫ్ (aff.). ఒక్క నిలువుకోతే ఉన్న నమూనాకు సీఎఫ్ అని రాసి, అడ్డుకోత ఎందుకు తీయలేకపోయారో పక్కన ఒక వాక్యం చేర్చండి.